కుండకు లైసెన్సు

మౌనిక తన సంచిలోంచి వేలెడంత కూడా లేని ప్లాస్టిక్ సీసాలు తీసి మంచం మీద వరుసగా పేర్చినప్పుడే నాకు అనుమానం వచ్చింది. మౌనిక నా కూతురి కూతురు. హైదరాబాద్‌లో ఏదో పెద్ద చదువు చదువుతోంది. ఎవరైనా అడిగితే నేను "పురుగుల చదువు" అని చెప్పేదాన్ని. ఆమె నవ్వి ఊరుకునేది. ఈ ఎండాకాలం నాలుగు రోజులుందామని వచ్చింది. అప్పటికి అడవిలో ఇప్పపువ్వు రాలడం అయిపోవస్తోంది. మా ఇంటి వెనక నుంచి గాలి వీస్తే ఆ తీపి వాసన ఇంకా తెలుస్తూనే ఉంది. సీసాలు పేర్చాక ఆమె మామూలుగా, ఉప్పు అడిగినట్టు అడిగింది.

"అమ్మమ్మా, మనూళ్ల ఇప్పమడ్డి ఎవలింట్లనన్న దొరుకుతదా? జర్రంత చాలు."

నేను ముందు తలుపు వైపు చూశాను. రోడ్డు మీద ఎవరూ లేరు. ఎదురింటి మేక ఒకటి గోడ నీడలో పడుకుని ఉంది. అయినా లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చాను.

"గంత గట్టిగ అడుగుతవేందే? దేనికది?"

"చదువుకే అమ్మమ్మా. దాంట్ల ఈస్టు ఉంటది. నేను చేసేది దాని మీదనే."

ఇప్పపువ్వు నానేసి పులిసిన నీళ్లను సారా కాయడానికి వంచుకున్నాక కుండ అడుగున తెల్లగా, చిక్కగా మిగిలేదాన్ని మేము మడ్డి అంటాం. మళ్లీ కొత్త పువ్వు నానేసినప్పుడు పాత మడ్డి ఒక గరిటెడు వేస్తేనే కుండ పులుస్తుంది. ఆ మడ్డిలో కంటికి కనిపించని గింజల్లాంటివి ఉంటాయని, అవి బతికి ఉంటాయని, ఒక్కొక్కటి పక్కన మొగ్గ తొడిగి రెండవుతుందని, ఆ రెండూ నాలుగవుతాయని మౌనిక చెప్పింది. వాటినే ఈస్టు అంటారట. అవి బతికి ఉంటాయన్న సంగతి మాత్రం నాకు కొత్త కాదు. మా అమ్మ అదే మాట అనేది. కుండకు గుడ్డ వాసెన కట్టిన మూడో రోజున నన్ను పిలిచి, నా చెవిని కుండ పొట్టకు ఆనించేది. లోపల సన్నగా సుయ్యిమని చప్పుడు వచ్చేది, వాన వెలిశాక ఇసుకలో నీళ్లు ఇంకుతున్నట్టు. "ఇన్నవా? బతికున్నది" అనేది అమ్మ. అది ఎప్పుడు మొదలవుతుందో పట్టుకోవాలని నేను రెండో రోజు పొద్దున్నుంచే కుండ దగ్గర కూర్చునేదాన్ని. ఎంత కూర్చున్నా పట్టుకోలేకపోయాను. ఒకసారి చెవి పెడితే ఏమీ ఉండదు, ఇంకోసారి పెడితే అప్పటికే మొదలైపోయి ఉంటుంది. ఎట్ల మొదలైతదని అడిగితే అమ్మ విసుక్కునేది. "నాకెర్కనా? మడ్డికి ఎర్క. దాన్నే అడుగు."

మౌనిక చేస్తున్నది సరిగ్గా అదేనని, మడ్డిని అడగడమేనని, నాకు ఆ మధ్యాహ్నం అర్థమైంది. ఆమె నులక మంచం తాడు కొస ఒకటి పట్టుకుని చూపించింది. ప్రతి ఈస్టు గింజలోనూ ఇట్లాంటి దారాలు కొన్ని ఉంటాయట. రెండు పోగులు పురి పెట్టినట్టు ఉంటాయి. వాటి నిండా రాత ఉంటుంది, నాలుగే అక్షరాలతో. ఆ గింజ ఎట్లా బతకాలో, ఏం తినాలో, ఎప్పుడు మొగ్గ తొడగాలో అంతా అందులోనే రాసి ఉంటుంది. గింజ రెండు కావాలంటే ముందు ఆ రాత మొత్తం ఇంకో ప్రతి తయారు కావాలి, ఒకటి తల్లికి, ఒకటి బిడ్డకు.

"మరి ఈ కొస నుంచి మొదలువెట్టి ఆ కొస దాంక రాసుకుంటదా?"

"కాదు అమ్మమ్మా. నడుమల నుంచి మొదలైతది. ఒక్క జాగల కాదు, కొన్ని వందల జాగలల్ల."

ఆ జాగల్లో కొన్ని ప్రత్యేకమైన అక్షరాలు వరుసగా ఉంటాయట. వాటిని గుర్తుపట్టి కావలి కూర్చునేవాళ్లు ఉంటారు. ఆరుగురు కలిసి ఒక్క ముద్దగా కూర్చుంటారు. గింజ నిమ్మళంగా ఉన్నప్పుడు ఆ కావలివాళ్లు ఇద్దరు సాయగాళ్లను పిలిచి, దారానికి రెండు గాజుల్లాంటివి తొడిగిస్తారు. ఇక్కడ మౌనిక తన చేతి గాజులు రెండు తీసి నులకకు ఎదురెదురుగా పెట్టి చూపించింది. ఈ గాజులు నడుమ తెరుచుకుని, దారాన్ని లోపలికి తీసుకుని, మళ్లీ మూసుకుంటాయట. తొడగడం అయ్యాక కూడా పని మొదలు కాదు. అవి అట్లా ఊరికే ఉంటాయి. తర్వాత ఒక సైగ వస్తుంది. అప్పుడు ఒక గాజు అటు, ఒక గాజు ఇటు పోతూ పురి విప్పుతాయి. వాటి వెనకే కొత్త రాత తయారవుతూ వస్తుంది. కొన్ని జాగల్లో ముందు మొదలవుతుంది, కొన్నింట్లో ఆలస్యంగా. కొన్ని జాగలు అసలు మొదలే కావు, పక్క జాగ నుంచి వచ్చే రాత వాటి మీదుగా పోతుంది.

నేను వింటూనే ఉన్నాను. బాగానే ఉంది. అప్పుడు ఆమె ఆ మాట అంది.

"గాజులు తొడుగుడు ఉన్నది చూడు, దాన్ని లైసెన్సు అంటరు అమ్మమ్మా. లైసెన్సు లేంది ఏ జాగలనూ మొదలుగాదు. ఒక్కసారి మొదలైందంటే ఆ లైసెన్సు అయిపోయినట్టే. గింజ రెండయ్యేదాంక మళ్ల ఇయ్యరు. మొదలువెట్టు అని చెప్పే సైగనే, ఇంక కొత్తది తొడగొద్దని గూడ చెప్తది."

"ఒక్క లైసెన్సు మీద రెండుసార్లు మొదలువెడితే?" అని అడిగాను.

"గట్ల కానియ్యదు. అయితే మాత్రం రాత ఆగమాగమైతది. గింజ చస్తది" అంది మౌనిక, గాజులు మళ్లీ చేతికి తొడుక్కుంటూ.

నేను లేచి నీళ్లు తాగే నెపంతో లోపలికి పోయాను. గూట్లో, దేవుడి పటం వెనక, మా అమ్మ జర్దా డబ్బా ఉంది. దాన్ని చూడకుండా చూశాను. అరవై ఏళ్లుగా నేను ఆ మాటకు భయపడుతూనే బతికాను. ఆ మాట, ఆ మడ్డి, రెండూ ఒక్క రోజే నా మనవరాలి నోట్లోంచి ఊడిపడతాయని నేను కలలో కూడా అనుకోలేదు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లో పదేళ్లో. ఇల్లందు నుంచి అడవిలోకి పోయే దారిలో, రోడ్డు దిగి వాగు దాటితే మా గూడెం. నాయన ఇల్లందు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. వారానికి ఒకసారి బస్సు దిగి నడిచి వచ్చేవాడు. ఆయన వచ్చిన రోజు ఇంట్లో బొగ్గు వాసన, కొబ్బరినూనె వాసన కలిసి ఉండేవి. ఎంత తోముకున్నా ఆయన గోళ్ల సందుల్లో నలుపు పోయేది కాదు. మిగతా రోజులు ఇంట్లో అమ్మా నేనే. అమ్మ తెల్లారకముందే లేచి, ముందు వాకిలి కాదు, పొయ్యి ఊడ్చేది. నిన్నటి బూడిదను తట్టలోకి ఎత్తి, దాని మీద అరచేయి పెట్టి వేడి ఉందో లేదో చూసేది. ఇప్ప కాలంలో ఆ తట్ట పక్కకు పెట్టి ఇద్దరం చెట్ల కిందికి పోయేవాళ్లం. పచ్చని పువ్వు, రాత్రంతా రాలి, చల్లగా, జిగురుగా, వేళ్లకు అంటుకునేది. ఎండబెడితే ఎండుద్రాక్షలా ముడుచుకునేది. ఇంట్లో ఏ మూల చూసినా ఆ వాసనే. అమ్మ కొంగులో, నా జుట్టులో, జొన్న గటక ముద్దలో కూడా.

సారా కాచుకోవాలంటే భయం ఉండేది. ఆబ్కారి జీపు వస్తుందంటే గూడెం గూడెమంతా కుండలు మోసుకుని అడవిలోకి పరిగెత్తేది. జీపు వాగు అవతల ఉండగానే కుక్కలకు తెలిసిపోయేది. అందుకే ఈనాటికీ ఒక కుక్క మొరిగితే పట్టించుకోను కానీ, నాలుగు కుక్కలు ఒకేసారి మొరిగితే లేచి తలుపు వేస్తాను.

మా చిన్న మేనత్త పెళ్లి కుదిరినప్పుడు, పెళ్లికి ఒక కుండ కాయాలి కదా, భయం లేకుండా కాయాలని అమ్మకు ఆశ పుట్టింది. సంతలో సారా దుకాణం చుట్టూ తిరిగే ఒకాయన, బుగ్గల దాకా మీసాలున్నాయన, రెండు కోళ్లూ ఒక సొరకాయ బుర్రెడు తేనె తీసుకుని ఒక కాగితం ఇచ్చాడు. "ఇది లైసెన్సు. పెండ్లి కుండకు. ఒక్క కుండకే సుమా" అని చెప్పాడు. అమ్మ అంత తేలికగా నమ్మే మనిషి కాదు. ఆ కాగితం తీసుకుని మా పక్కింటి ముత్తయ్య తాత దగ్గరకు పోయింది. తాత పడుచుతనంలో అడవిలో కలప కొట్టే కూపులో దుంగల మీద గుర్తులు వేసే పని చేశాడు. అందుకని మా గూడెంలో అక్షరాలు తెలిసినవాడు ఆయన ఒక్కడే, అదీ ఒక్కొక్కటిగా. తాత కాగితాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, అన్నింటికన్నా పెద్దగా ఉన్న మాట మీద వేలు పెట్టాడు. "లై... సె... న్సు. అవ్ బిడ్డా, లైసెన్సే. ఇగో, సక్కగ రాసున్నది" అన్నాడు.

"అబద్ధం గాదు గద, మామా?"

"అచ్చరం అబద్ధమాడతదానె, పిచ్చిదానా!"

అమ్మ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జర్దా డబ్బాలో దాచింది. పెళ్లి కుండ పులిసింది, సారా దిగింది, పెళ్లి అయిపోయింది. ఎవరూ రాలేదు. కాగితం మీద అమ్మకు గురి కుదిరింది అప్పుడే. ఆ ఏడు వానలు పట్టలేదు. గాదెలో గింజలు అడుగంటాయి. సారా అమ్మి గింజలు కొనాలని అమ్మ మళ్లీ పువ్వు నానేసింది. ఒక్క కుండకే అన్నాడు కదా అని నేను గుర్తు చేస్తే, డబ్బా మూత తీసి చూపించింది. "సూడు, కాయితం ఏమన్న అరిగిందా? గట్లనే ఉన్నది గద. ఎవలన్న వస్తే నువ్వు ఇది చూపియ్యి. ఏం గాదు" అంది. నాకు చెప్పిన పని అది ఒక్కటే. కుండ దగ్గర కూర్చోవడం, ఎవరైనా వస్తే కాగితం చూపించడం.

వాళ్లు పట్టపగలు వచ్చారు. కాచడానికి నీళ్లు కావాలని అమ్మ వాగుకు పోయింది. నేను కుండకు చెవి ఆనించి ఉన్నాను. కుండ ఆ రోజు గట్టిగా పలుకుతోంది. దాంతో నాకు కుక్కల అరుపు ఆలస్యంగా వినిపించింది. తల ఎత్తేసరికి వాకిట్లో ఖాకీ బట్టల సారు ఒకాయన, వెనక ఇద్దరు జవాన్లు ఉన్నారు. నేను పరిగెత్తలేదు. ఎందుకు పరిగెత్తాలి? మాకు కాగితం ఉంది. అప్పుడు నాకు భయం కూడా వేయలేదు. నా జీవితంలో భయం లేని ఆఖరి నిమిషాలు అవేనేమో.

"ఏం పిల్లా, ఏముంది ఆ కుండలో?" అన్నాడు సారు. ఆయన మాట మా వైపు మాట కాదు.

"ఇప్పపువ్వు సారూ. మాకు లైసెన్సున్నది" అని లోపలికి ఉరికి, డబ్బా తెచ్చి, కాగితం తీసి రెండు చేతులతో ఇచ్చాను.

సారు మడతలు విప్పి చదివాడు. ఆయన కనుబొమలు పైకి లేచాయి. కాగితాన్ని పక్కనున్న జవానుకు చూపించాడు. ఆ జవాను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత ఇద్దరూ పగలబడి నవ్వారు.

"లైసెన్సు ఉంది సరే. మరి మీ కుండకు చక్రాలేవి పిల్లా?" అన్నాడు సారు.

"ఎవలో ఎత్తుకపోయినట్టున్నరు సారూ" అన్నాడు జవాను. "గీ పోరి తొక్కుతదో, వాళ్లమ్మ తొక్కుతదో."

వాళ్లు ఎందుకు నవ్వుతున్నారో నాకు తెలియలేదు. మా కుండ పాతదని, మా ఇల్లు చిన్నదని వెక్కిరిస్తున్నారనుకున్నాను. పెద్దవాళ్లు నవ్వుతున్నారు కదా అని నేను కూడా కొంచెం నవ్వాను. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గు. సారు నవ్వు ఆపి, నా ముందు గొంతుకూర్చున్నాడు. నెమ్మదిగా అడిగాడు.

"ఇది ఎన్నో కుండ? మొదటిదా, రెండోదా?"

అమ్మ అబద్ధం చెప్పమని నేర్పలేదు. కాగితం చూపించమంది, అంతే. నేను వేళ్లు మడిచి చూసుకుని, "రెండోది సారూ" అన్నాను.

సారు లేచి నిలబడి జవానుకు సైగ చేశాడు. జవాను కర్ర ఎత్తి కుండ పొట్టలో ఒక్క పోటు పొడిచాడు. అది పెద్దగా కూడా పగల్లేదు, పిట్ట గుడ్డు పగిలినట్టు చిన్న చప్పుడు. పువ్వులూ నురుగూ కలిసి నా పాదాల మీదికి వచ్చాయి. గోరువెచ్చగా ఉన్నాయి. కడుపులోంచి వచ్చినట్టు. అమ్మ అప్పుడే నెత్తిన బిందెతో వాగు గట్టు ఎక్కింది. బిందె దించకుండానే అడిగింది. "బిడ్డ కాయితం చూపిచ్చిందా సారూ?"

"చూపించింది. నువ్వు జీపెక్కు."

కాగితాన్ని ఆయన నా మీదికి విసిరి, "దాచుకో పిల్లా, పనికొస్తుంది" అన్నాడు. జీపు వెనక గూడెం కుక్కలన్నీ వాగు దాకా పరిగెత్తి వెనక్కి వచ్చాయి. నేను ముత్తయ్య తాత ఇంట్లో పడుకున్నాను, ఎన్ని రోజులో తెలియదు. నాయన వచ్చి, విని, మళ్లీ ఇల్లందు వైపు పరిగెత్తాడు. మా వాకిట్లో ఆ మట్టి చాలా రోజులు పులుపు వాసన కొట్టింది. తేనెటీగలు వచ్చి తడి మీద వాలేవి. నేను గడపలో కూర్చుని ఒక్కటే లెక్క వేసుకునేదాన్ని. మొదటిది అని ఉంటే వదిలేసేవారు. రెండోది అన్నాను. ఒక్క కుండకే కాగితం. నా నోటితో నేనే అమ్మను పట్టించాను.

అమ్మ తిరిగి వచ్చినప్పుడు ఆమె దగ్గర ఇప్ప వాసన లేదు. ఫినాయిలు వాసన వచ్చింది. చెంపలు లోపలికి పోయాయి. నన్ను దగ్గరకు తీసుకుని ఒక్క మాటే అడిగింది. "భయపడ్డవా?" నేను లేదన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. నేను చెప్పలేదు. ఆ రోజు తర్వాత మా ఇంట్లో కుండ పులియలేదు. నాయన కొన్నాళ్లకు, బస్సు రోడ్డు నుంచి నడవలేక, పాత సైకిలు ఒకటి కొందామన్నాడు. అమ్మ ఎన్నడూ లేనంత కేకలు వేసింది. "సైకిలు మనింట్లకు వచ్చిందంటే నేను వాగుల పడ్త!" అప్పటి నుంచి రోడ్డు మీద సైకిలు గంట వినిపిస్తే అమ్మ చేతిలో పని ఆపి, అది దూరం పోయేదాకా ముఖం పక్కకు తిప్పుకుని నిలబడేది. పెద్దవాళ్లకు ఉండే అనేక వింత అలవాట్లలో అదొకటి అనుకున్నాను. నాయన బతికినన్నాళ్లూ నడిచే వచ్చాడు.

నేను మాత్రం కాగితానికి భయపడ్డాను. బడి పంతులు పేర్లు రాసుకోవడానికి గూడేనికి వస్తే గాదె వెనక దాక్కున్నాను. నాలుగు రోజులు అట్లా దాక్కుంటే ఆయన రావడం మానేశాడు. పెళ్లయి ముదిగొండ వైపు వెళ్లినప్పుడు, మా ఆయన పోయాక మళ్లీ ఈ వైపు వచ్చినప్పుడు, ఎక్కడ ఏ కాగితం ఎదురైనా బొటనవేలు ముందుకు చాపి, కళ్లు మూసుకునేదాన్ని. నా బిడ్డ పెళ్లి కూడా అయ్యాక, యాభై దాటాక, బడి వరండాలో మధ్యాహ్నం పూట ఆడవాళ్లకు అక్షరాలు నేర్పుతున్నారని పక్కింటామె నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. మా పంతులమ్మ నా కూతురికన్నా చిన్నది. నాకు ఒక రోగం ఉండేది. వరుసలో ఎక్కడ నాకు తెలిసిన అక్షరం కనబడితే అక్కడి నుంచే చదవడం మొదలుపెట్టేదాన్ని. ఆమె ప్రతిసారీ నా వేలు పట్టుకుని వెనక్కి, వరుస మొదటికి తెచ్చేది. "అమ్మా, నీకు ఎర్కున్న కాడికెల్లి కాదు. మొదటికెల్లి" అనేది. అట్లా బస్సుల బోర్డులు నేర్చుకున్నాను. ఇల్లందు, ముదిగొండ, పర్ణశాల. పెళ్లి పత్రికలు చదివాను. మందు సీసాల మీద కాగితాలు చదివాను. అమ్మ పోయాక నా వాటాకు వచ్చిన జర్దా డబ్బా మాత్రం మూత తీయలేదు. అందులో "ఒక్క కుండకే" అని రాసి ఉంటుంది. అది నా కళ్లతో చదివితే ఇక నాకు ఏ సందేహమూ మిగలదు. సందేహం ఉంటే కొంచెం ఊపిరి ఆడుతుంది.

మౌనిక లోపలికి వచ్చేసరికి నేను డబ్బా పట్టుకుని నేల మీద కూర్చుని ఉన్నాను. "ఏమైంది అమ్మమ్మా? గిట్ల కింద కూసున్నవేంది?" అని పక్కన కూర్చుంది. కొంత చెప్పాను. కుండ, జీపు, కాగితం. నేను అన్న మాట చెప్పలేదు. ఆమె డబ్బా తీసుకోబోతే ఇవ్వలేదు.

"నేనే చదువుత. నువ్వు వెలుతురు దిక్కు జరుగు."

మూత తుప్పు పట్టి మొండికేసింది. లోపల అమ్మ ముక్కుపుల్ల, కాగితం. కాగితం మడతల దగ్గర ఎండుటాకులా పెళుసెక్కింది. విప్పగానే నా కళ్లు నేరుగా ఆ పెద్ద మాట మీదే పడ్డాయి. లైసెన్సు. ముత్తయ్య తాత వేలు పెట్టిన చోటే. అక్కడే ఆగిపోతే బాగుండుననిపించింది. కానీ పంతులమ్మ చెయ్యి నా వేలిని వెనక్కి లాగినట్టయింది. వేలు పైకి జరిపాను. మొదటి వరుస సన్నని అక్షరాలు. గ్రా... మ... పం... చా... య... తి. దాని కింద, మడత సరిగ్గా పడిన చోట, ఇంకో మాట ఉంది. అది మడతలో నలిగి, చెమటకు మాసి, సగమే కనిపిస్తోంది. మౌనిక గోటితో ఆ మడతను మెల్లగా సాపు చేసింది.

"సై" అన్నాను. "కి." తర్వాత ఆగాను. "లు."

మౌనికకు నాకన్నా ముందే అర్థమైంది. పక్కున నవ్వి, నా ముఖం చూసి నోరు మూసుకుంది. సైకిలు లైసెన్సు. కింద ఎవరో తెలియని మనిషి పేరు, ఊరు. కుండ అన్న మాట ఎక్కడా లేదు. ఒకటి అని లేదు, రెండు అని లేదు. తాత అబద్ధం చెప్పలేదు. అక్షరం కూడా అబద్ధం చెప్పలేదు. ఆయన తనకు తెలిసిన చోటి నుంచి చదివాడు, అంతే. అప్పుడు, అరవై ఏళ్ల తర్వాత, సారు అడిగింది నాకు వినిపించింది. మరి మీ కుండకు చక్రాలేవి పిల్లా?

"నేను రెండోది అన్న" అని చెప్పాను మౌనికతో. ఇంతవరకు ఎవరితోనూ అనని మాట. "ఎన్నో కుండ అని అడిగితే రెండోది అన్ననే. గందుకే తీస్కపోయిండ్రు."

"నువ్వు మొదటిదన్నా, పదోదన్నా తీస్కపోతుండిరి అమ్మమ్మా. మొదటి కుండకు గూడ ఏ లైసెన్సూ లేకుండె."

అమ్మ గుర్తొచ్చింది. చేతిలో పని ఆపి, ముఖం తిప్పుకుని, సైకిలు గంట దూరం పోయేదాకా నిలబడ్డ అమ్మ. ఆమెకు తెలుసు. స్టేషనులో ఎవరో నవ్వుతూ చెప్పి ఉంటారు. రెండు కోళ్లూ తేనే ఇచ్చి సైకిలు కాగితం కొన్నదని, అది పసిదాని చేతికిచ్చి కుండ దగ్గర కూర్చోబెట్టిందని ఆమె సిగ్గుపడింది. ఆ సిగ్గు నాకు చెప్పలేదు. నా మాట నేను ఆమెకు చెప్పలేదు. ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర, తప్పు నాదంటే నాదని లోలోపలే మోసుకుంటూ అన్నం తిన్నాం. మా ఇద్దరిలో ఒకరికి అప్పుడే అక్షరం వచ్చి ఉంటే ఒక్క మధ్యాహ్నంతో పోయే భయం అది. ఇప్పుడు మా రోడ్డు మీద జీపుల నిండా పర్ణశాల చూడడానికి పోయేవాళ్లు ఉంటారు. ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి డబ్బాల్లో పెట్టి అమ్ముతున్నారు, వాటి మీద ఏమేమి కలిపారో రాసి మరీ. నేను చదువుతాను. అయినా ఆ జీపులు మలుపు తిరిగితే నా పాదాలకు ఇప్పటికీ గోరువెచ్చని నీళ్లు తగిలినట్టు ఉంటుంది. నాకు చదువు వచ్చింది కానీ నా పాదాలకు ఇంకా రాలేదు.

ఇంకో సంగతి కూడా ఆ సాయంత్రం నన్ను పట్టుకుంది. మాకు కాగితం లేని మాట నిజమే. కానీ ఆ కుండలో, నేను చెవి ఆనించి విన్న ఆ చప్పుడులో, ఒక్కొక్క గింజా తన దారానికి తాను గాజులు తొడుక్కుని, తన వేళ చూసుకుని, ఒక్కసారంటే ఒక్కసారే మొదలుపెట్టింది. ఎవరినీ మోసం చేయలేదు, ఎవరి చేతా మోసపోలేదు. కర్ర పోటు పడేదాకా అవి తమ పని సక్రమంగా చేసుకుంటూనే ఉన్నాయి.

మర్నాడు వాగవతల మా వదిన దగ్గర మౌనిక మడ్డి సంపాదించింది. ఆ వదిన తన అత్త దగ్గరి నుంచి తెచ్చుకున్న మడ్డిని ఈనాటికీ ఆరిపోనివ్వలేదు. మౌనిక సీసాల మూతలు బిగించి, మంచు డబ్బాలో పెట్టి, ప్రయాణానికి సిద్ధమైంది. బస్సు స్టాపు దాకా నేనూ పోయాను. అక్కడ నిలబడ్డాక నా నోరు ఊరుకోలేదు.

"బిడ్డా, దానికి కాయితం ఉన్నదా?"

"ఉన్నది అమ్మమ్మా. మా కాలేజోళ్లు ఇచ్చిండ్రు" అని మడత పెట్టిన కాగితం తీసింది. అంతా ఇంగ్లీషు. పెద్ద అక్షరాలు కొన్ని, చిన్నవి కొన్ని. నాకు ఒక్కటీ తెలియదు.

"గిది ఏందో నాకెట్ల తెలుస్తది? కింద తెలుగుల రాయి. ఈ సీసలల్ల ఏమున్నది, ఎవలింటిది, దేనికి తీస్కపోతున్నవు. అంత రాయి."

"అబ్బ, ఎవలాపుతరే నన్ను? బస్సొస్తున్నది!"

"రాయి ముందు."

ఆమె సంచి మోకాలి మీద పెట్టుకుని, నవ్వుకుంటూ, గబగబా నాలుగు వరుసలు రాసింది. చదివి వినిపించబోతే నేను కాగితం లాక్కున్నాను. బస్సు వచ్చి ఆగింది. కండక్టరు తలుపు మీద కొడుతూ "ఎక్కుతరా లేదా?" అని అరుస్తున్నాడు. నడుమ వరుసలో "ఇప్ప" అన్న మాట, నాకు బాగా తెలిసిన మాట, నన్ను పిలుస్తోంది. నేను దాని వైపు చూడలేదు. వేలు తీసుకుపోయి మొదటి అక్షరం కింద పెట్టాను.

"జల్దీ అమ్మమ్మా!" అంది మౌనిక, ఒక కాలు బస్సు మెట్టు మీద పెట్టి.

"ఆగమను" అన్నాను. "నేను ఇంక మొదటి వరుసల్నే ఉన్న."